ఊరి క్రికెట్ టోర్నీకి ఏ బంతి: తోలుదా, టెన్నిస్‌దా?

పాలమూరు పల్లెల్లో మైదానమంటే చాలాచోట్ల ఎర్ర చెలకే, పైన మొరం. కాబట్టి ముందు నేలను చూడాలి.

ఖర్చు: టెన్నిస్ బంతికి బ్యాటు ఉంటే చాలు. తోలు బంతికి ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ కూడా కొనాలి. జేబుకు చిల్లు పడేది అక్కడే.

మన్నిక: మొరం మీద తోలు బంతి కొన్ని ఓవర్లకే గీరుకుపోతుంది, కుట్టు అణిగిపోతుంది. ఇక స్వింగు, అంటే బంతి గాల్లో వంపు తిరగడం, ఆ మాట మరిచిపోవాలి. టెన్నిస్ బంతికి నూగు రాలుతుంది, అంతే.

ప్రమాదం: తోలు బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. గులకరాయి మీద పడి లేచిందంటే నేరుగా మొహానికే. హెల్మెట్ లేకపోతే ఆడనని చెప్పడానికి మొహమాటపడొద్దు.

మ్యాటింగ్ పిచ్ (నేల మీద చాప పరిచిన పిచ్), పూర్తి సరంజామా ఉండి, జిల్లా జట్టుపై కన్నేసిన కుర్రాళ్లకు తోలు బంతే సరి. సంక్రాంతి పందేలకు మాత్రం టెన్నిస్ బంతే. మంచుకు తడిసిన గడ్డిలో తోలు బంతి నీరు పీల్చి బరువెక్కుతుంది కూడా.