గలగలమంటే నకిలీ అనుకున్నాను

నా పాత రోలెక్స్ వాచీకి (డేట్‌జస్ట్, మోడల్ నంబరు 1601) సరైన చైన్ కోసం ఎనిమిది నెలలు వెతికి, చివరికి రెండు కొన్నాను. మొదటిది చేతిలోకి తీసుకోగానే బరువుగా, నున్నగా, భలే ఉందనిపించింది. అది నకిలీ. రెండోది కవర్లోంచి తీస్తుంటేనే రేకు డబ్బాలో చిల్లర పోసినట్టు గలగలమంది. అదే అసలుది. రివ్యూ ఆ రెండోదాని మీదే కానీ, మొదటిదాని గొడవ చెప్పకపోతే అసలు సంగతి అర్థం కాదు.

వాచీ 1972 ప్రాంతంలోది. నా దగ్గరికి వచ్చేసరికి తోలు బెల్టుతో ఉంది. చూడ్డానికి ఏ లోటూ లేదు గానీ, నా చెమటకి తోలు ఏడాది కూడా నిలవదు. పైగా ఈ వాచీని జూబిలీ చైన్ మీద చూసిన కంటికి ఇంకేదీ ఆనదు. రోలెక్స్ తన నలభై ఏళ్ల పండగకి 1945లో డేట్‌జస్ట్‌ని తెచ్చినప్పుడు దాని కోసమే చేసిన చైన్ అది. వరసకి ఐదు ముక్కలు, అటూ ఇటూ వెడల్పువి రెండు, మధ్యలో ఉబ్బెత్తుగా చిన్నవి మూడు. నా వాచీ కాలానికి సరిపోయే చైన్ నంబరు 6251హెచ్, వెడల్పు 20 మిల్లీమీటర్లు. కేసుకి ఆనుకుని కూర్చునే ఎండ్ లింకుల మీద 55 అని ఉండాలి. తర్వాత వచ్చిన 62510హెచ్ దీనికన్నా గట్టిది, దాని ఎండ్ లింకులు 555. అమ్మేవాళ్లలో సగం మంది ఈ రెంటినీ కలిపేసి చెబుతారు. కొందరు తెలియక, కొందరు తెలిసే.

మొదటి అమ్మకందారు తెలిసే చేశాడని నా అనుమానం. లాక్ లోపల 6251హెచ్ అని ఉంది, స్విస్ మేడ్ అని ఉంది, ఎండ్ లింకుల వెనక 55 ఉంది. ఫోటోల్లో వంక పెట్టడానికేం లేదు. వచ్చాక పక్కకి పట్టుకుని చూశాను. వాచీని పక్కకి తిప్పి, కీ ఇచ్చే బుడిపె పైకుండేలా, చైన్ అడ్డంగా చాచి పట్టుకుంటే పాత చైన్ బరువుకి కిందికి వంగుతుంది. ఇదేమో కొత్త కర్రలా నిటారుగా నిలబడింది. యాభై ఏళ్ల చైన్‌లో పిసరంత సాగుడు లేదంటే ఎవరూ పెట్టుకోలేదేమో, నా అదృష్టమేమో అనుకున్నాను. మనిషికి కావాల్సిందే కనిపిస్తుంది కదా.

మత్తు వదిలించింది వాచీలు బాగుచేసే మా పెద్దాయన. కంటికి అద్దం కూడా పెట్టుకోలేదు. చైన్‌ని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "ఇంత బరువేంటి బాబూ?" అన్నాడు. అంతే. తర్వాత తిరగేసి చూపించాడు. 6251హెచ్ లింకులు ముద్దలోంచి కోసినవి కావు, పల్చటి స్టీలు రేకుని మడిచి చేసినవి. వెనక నుంచి చూస్తే ఆ మడత అంచులు కలిసిన గీత కనబడాలి. నా దాంట్లో గీతా లేదు, మడతా లేదు, అంతా గట్టి ముద్ద. నకిలీ చేసినవాడు అసలు కంటే బాగా చేసి దొరికిపోయాడు! ఇప్పటి వాచీలకి అలవాటు పడిన చేతులకి బరువుంటేనే ఖరీదైనదని కదా లెక్క. ఆ లెక్కని పట్టుకునే వాళ్లు అమ్ముతారు.

ఆ తర్వాత నేనూ లాక్ లోపలి ముద్రని పది రెట్లు పెద్దగా చూపించే లూప్ (భూతద్దం) కింద పెట్టి చూశాను. రెండో త్రైమాసికం, 78 అని ఉంది. రోలెక్స్ 1976 నుంచి స్విస్ లాకుల మీద తేదీకి అక్షరాలు వాడింది, 76కి ఎ, 77కి బి, అలాగ. త్రైమాసికం, ఏడాది అంకెలు వేసింది అంతకుముందు. అంటే ముద్ర వేసినవాడికి ఏడాది గుర్తుంది గానీ పద్ధతి గుర్తులేదు. అక్షరాల అంచులు కూడా మాడినట్టు, చుక్కచుక్కలుగా ఉన్నాయి. అచ్చుతో కొట్టిన ముద్ర అలా ఉండదు, లోహం లోపలికి నొక్కుకుపోయి అంచు నున్నగా దిగుతుంది. డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. అమ్మినవాడు మొదట "సర్వీసులో పాలిష్ చేశారు, అందుకే" అన్నాడు. పాలిష్ చేస్తే లింకులు అరుగుతాయి గానీ బరువు పెరగవు కదా అని రాస్తే, ఇక జవాబు లేదు, డబ్బు మాత్రం వచ్చింది.

రెండో చైన్‌కి ముందే అడిగి తెప్పించుకున్న ఫోటోలు ఇవి: లాక్ తెరిచి ఏటవాలు వెలుతురులో ఒకటి, ఎండ్ లింకులు రెంటి వెనకా విడివిడిగా, చైన్‌ని పక్కకి పట్టుకున్నది, లింకుల వెనక వైపు బాగా దగ్గర నుంచి. ఈ అమ్మకందారు అన్నీ ఆ సాయంత్రమే పంపాడు. పైగా నేను అడగకుండానే "సాగింది, ఒక లింకు తక్కువ" అని రాశాడు. ఆ ఒక్క వాక్యానికే సగం మార్కులు వేశాను.

మధ్యలో ఒక మంచి చైన్‌ని నా తెలివితక్కువతో వదులుకున్నాను, అదీ చెప్పాలి. లాక్ మీద సి అండ్ ఐ అని ఉంటే నకిలీ అనుకుని తిరగ్గొట్టాను. అమెరికాలో సుంకాల బాధ తప్పించుకోవడానికి రోలెక్స్ అక్కడే చేయించుకున్న చైన్ల మీద ఆ ముద్ర ఉంటుందని తర్వాత తెలిసింది. స్విస్‌లో చేసింది కాకపోవడం వేరు, నకిలీ కావడం వేరు.

వచ్చిన చైన్‌ని గోరువెచ్చటి నీళ్లలో సబ్బు వేసి గంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమాను. కాటుకలాంటి నల్లటి బురద దిగింది, మూడు సార్లు నీళ్లు మార్చాను. తీరా ఆరబెట్టి పట్టుకుంటే ముందుకన్నా ఎక్కువ సాగినట్టుంది! ఇన్నాళ్లూ ఆ మురికే బిగువుగా పట్టుకుని ఉంది. చెమటా దుమ్మూ కలిసి గరుకు ముద్దై, లోపలి పిన్నుల్నీ వాటి కంతల్నీ అరగదీస్తుంది. సాగడమంటే స్టీలు సాగడం కాదు, ఈ అరుగుడే. కొందరు రేకు అంచుల్ని నొక్కేసి బిగిస్తారు, నాలుగు రోజులు బావుంటుంది, తర్వాత లింకు పగులుతుంది. పిన్నులు మార్చి కంతలకి లైనింగ్ వేసే పనితనం వేరే ఉంది. నేను ప్రస్తుతానికి ముట్టుకోలేదు.

ఎండ్ లింకులు రెండూ 55, కేసుకి పట్టినట్టు కూర్చున్నాయి, మధ్యలో కాగితం కూడా దూరదు. లాక్ లోపల రోలెక్స్ పేరు, స్టీలినాక్స్ అన్న స్టీలు ముద్ర, నాలుగో త్రైమాసికం 68. అంటే లాకు వయసు వాచీ కన్నా నాలుగేళ్లు ఎక్కువ. ఇవి రెండూ ఒకే పెట్టెలో పుట్టలేదన్నమాట. లాకు కొత్తదైతే సర్వీసులో మార్చారనుకోవచ్చు, అలా మార్చిన వాటి మీద చాలాసార్లు ఎస్ అని ఉంటుంది. ఇది పాతది కాబట్టి ఇంకో వాచీ మీద నుంచి వచ్చిందే. నాకేం బాధ లేదు. అమ్మేటప్పుడు మాత్రం "వాచీతో వచ్చిన చైన్" అని నా నోటితో చెప్పను.

పెట్టుకుంటే ఎలా ఉందంటే, ఉందో లేదో తెలియనంత తేలిక. లాకు పడేటప్పుడు టిక్ అని పలచటి చప్పుడు, కొత్త వాచీల ధీమా దాంట్లో లేదు. వారానికోసారి చేతి మీద ఒక వెంట్రుకని నిర్దాక్షిణ్యంగా పీకుతుంది. కానీ మణికట్టు మీద నీళ్లలా ఒరిగిపోతుంది చూడండి, ఆ హాయి ఆ నకిలీ ముద్దకి లేదు.

ఒకటే ఇబ్బంది, సాయంత్రానికి చేయి ఉబ్బితే బిగుతు. లాకులో చివరి కంతకి కూడా వచ్చేశాను. కాబట్టి ఇప్పుడు ఒక్క లింకు కోసం వెతుకుతున్నాను. 6251హెచ్‌దే అయ్యుండాలి. సాగిందైతేనే నయం, బిగువుగా ఉన్నది తెచ్చి వీటి మధ్య పెడితే అదొక్కటే కర్రలా నిలబడుతుంది.