టెక్సస్ సభలో వినిపించిన రేప్ కిట్: డబ్బాలో ఉన్నవి, లేనివి

2013 జూన్ 23 రాత్రి. టెక్సస్ ప్రతినిధుల సభలో అబార్షన్ క్లినిక్‌ల మీద కొత్త ఆంక్షల బిల్లు చర్చకొచ్చింది. అత్యాచారం వల్ల గానీ, దగ్గరి బంధువుల వల్ల గానీ గర్భం వస్తే, 20 వారాలు దాటాక అబార్షన్ చేయకూడదన్న నిషేధం వర్తించకూడదని హ్యూస్టన్ డెమోక్రాట్ సెన్‌ఫ్రోనియా థాంప్సన్ ఒక సవరణ పెట్టారు. బిల్లును సభలో నడిపిస్తున్న రిపబ్లికన్ జోడీ లాబెన్‌బర్గ్ అక్కర్లేదన్నారు. ఎమర్జెన్సీ గదుల్లో రేప్ కిట్‌లు ఉంటాయి కదా, వాటితో ఆడమనిషిని శుభ్రం చేసేస్తారు కదా అన్నది ఆవిడ వాదన. సవరణ వీగిపోయింది.

ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ కిట్‌నే, అంటే అత్యాచారం జరిగాక బాధితురాలి ఒంటి మీదా బట్టల మీదా ఉన్న ఆధారాలను కోర్టు కోసం సేకరించే డబ్బాని. మూత తీయకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. కిట్ వాడకంలో మొట్టమొదటి సూచన: ఒళ్లు కడుక్కోవద్దు. స్నానం చేయొద్దు, పళ్లు తోమొద్దు, బట్టలు మార్చుకోవద్దు, ఆపుకోగలిగితే మూత్రానికి కూడా వెళ్లొద్దు. కడిగితే ఈ డబ్బాకి పనే లేదు.

ఇది 1970ల షికాగో సరుకు. ఆలోచన మార్టీ గొడార్డ్ అనే ఉద్యమకారిణిది. డబ్బా బయటికొచ్చింది మాత్రం లూయీ విటులో అనే పోలీసు సార్జెంటు పేరుతో. 1978లో షికాగో ఉన్న కుక్ కౌంటీ ఆస్పత్రుల్లో వాడకం మొదలైంది. అంతకుముందు ఎమర్జెన్సీలో ఎవరికి తోచినట్టు వాళ్లు నమూనాలు తీసేవారు. చాలావరకు అవి కోర్టు దాకా వెళ్లేసరికి పనికిరాకుండా పోయేవి. అందరూ ఒకే వరసలో, ఒకే పద్ధతిలో తీసి, ఒకే తీరున సీలు వేయాలన్నదే ఈ అట్టపెట్టె గొప్పతనం. లోపలి సామాను చూస్తే పెద్ద సాంకేతికతేమీ కనిపించదు: సూచనల కాగితం, ఫారాలు, శుభ్రమైన పెద్ద కాగితపు షీట్లు, దూది స్వాబ్‌లు, వాటిని ఆరబెట్టి పెట్టే చిన్న అట్టడబ్బీలు, దువ్వెన, గోళ్ల కింద గీకే పుల్లలు, కవర్లు, కాగితపు సంచులు, సీలు టేపు, లేబుళ్లు. రాష్ట్రాన్ని బట్టి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. మందు బిళ్ల ఒక్కటి కూడా ఉండదు.

వాడకానికి శిక్షణ పొందిన ఫోరెన్సిక్ నర్సు ఉంటే మంచిది. పరీక్షకు మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే. ప్రతి మెట్టు దగ్గరా పేషెంటు ఒప్పుకోవాలి. ఏ మెట్టునైనా వద్దనొచ్చు, మిగతావి కొనసాగించొచ్చు. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం ఈ పరీక్ష ఖర్చు బాధితురాలి మీద పడకూడదు. పోలీసు కేసు పెడితేనే చేస్తామనడానికీ వీల్లేదు.

నోటి నమూనాలు అవసరమైతే ముందు అవే తీస్తారు, పాపం ఆవిడ కాసిని మంచినీళ్లైనా తాగగలుగుతుంది. తర్వాత నేల మీద రెండు కాగితపు షీట్లు ఒకదాని మీద ఒకటి పరిచి, పైదాని మీద నిలబెట్టి బట్టలు విప్పిస్తారు. కింది షీటు నేల మీది దుమ్ము అంటకుండా అడ్డం. రాలిన వెంట్రుకా, దారప్పోగూ పై షీట్లో పడతాయి. దాన్ని లోపలికి మడిచి కవర్లో పెడతారు. ఒక్కో బట్టకి ఒక్కో సంచి. చిరుగులూ మరకలూ ఉన్నచోట కత్తెర పెట్టకూడదు. ఎండిపోయిన మరకకి స్వాబ్‌ను స్టెరైల్ నీళ్లతో కాస్త తడిపి అద్దాలి. తడి మరకకి పొడి స్వాబ్ చాలు. ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేటప్పుడల్లా గ్లౌజులు మార్చాలి. వెంట్రుకలను కుదుళ్లతో పీకే పాత పద్ధతిని చాలాచోట్ల మానేశారు. అంత నొప్పికి తగ్గ ఫలితం దాంట్లో లేదు.

కిట్‌లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడినుంచే. స్వాబ్ పూర్తిగా ఆరకుండా డబ్బీలో పెడితే బూజు, బాక్టీరియా చేరి డీఎన్ఏను తినేస్తాయి. బట్టల్ని ప్లాస్టిక్ సంచిలో వేసినా అంతే, లోపల చెమ్మ పడుతుంది. అందుకే అన్నీ కాగితమే. కవరు జిగురును నాలుకతో తడిపారా, నర్సు డీఎన్ఏ సీలు మీద కూర్చుంటుంది. సీలు మీద సంతకం, తేదీ, సమయం లేకపోయినా, చేతులు మారినప్పుడు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో రాయకపోయినా డిఫెన్స్ లాయరుకు పండగే. పని మధ్యలో కిట్‌ను బల్ల మీద వదిలేసి నర్సు బయటికి వెళ్లడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మత్తుమందు ఇచ్చారన్న అనుమానముంటే రక్తం, మూత్రం వేరే కిట్‌లోకి వెళ్లాలి. ద్రవ నమూనాలను ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఇంతకీ గర్భం సంగతి? డబ్బాలో దానికి జవాబు లేదు. అదే ఆస్పత్రిలో, కిట్‌తో సంబంధం లేకుండా, డాక్టరు అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇవ్వొచ్చు. లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, 72 గంటల్లోపు ఎంత త్వరగా వేస్తే అంత మేలు. యులిప్రిస్టాల్ 30 మిల్లీగ్రాములైతే 120 గంటల వరకు. రెండూ ప్రధానంగా అండం విడుదలను వాయిదా వేసి పనిచేస్తాయి. అండం అప్పటికే విడుదలై ఉంటే ఫలితం పడిపోతుంది, నిలిచిన గర్భాన్ని ఇవి తీసెయ్యలేవు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. అవీ ఫార్మసీ నుంచే వస్తాయి.

ఒక్కసారి రోజులు లెక్కేయండి. నమూనాలు తీసే గడువు రాష్ట్రాన్ని బట్టి సుమారు 3 నుంచి 5 రోజులు. ఆ రాత్రి బిల్లులోని నిషేధం ఫలదీకరణ తర్వాత 20 వారాలకు, అంటే 140వ రోజుకు మొదలవుతుంది. గర్భం ఉందో లేదో పరీక్షలో తేలేసరికే కిట్ గడువు దాటిపోతుంది. ఇల్లు కాలి నాలుగు నెలలైతే ఫైరింజన్ ఉందిగా అన్నట్టుంది ఆ జవాబు.

వస్తువుగా కిట్‌కి మార్కులు తగ్గించాల్సిన చోటు వేరే ఉంది. సీలు వేశాక అది పోలీసు గిడ్డంగిలో పడుకుంటుంది. డెట్రాయిట్‌లో 2009లో అలా పరీక్షకు నోచుకోని 11,341 కిట్‌లు బయటపడ్డాయి. టెక్సస్‌లోనే, హ్యూస్టన్‌లో 6,600కు పైగా పేరుకుపోయాయి. అవన్నీ పరీక్షించడం పూర్తయింది 2015లో. జాతీయ డీఎన్ఏ డేటాబేసులో 850 సరిపోలికలు దొరికాయి. ఒక్కో కిట్ పరీక్షకు వెయ్యి డాలర్లకు పైనే అవుతుంది. కొనడం సులువు, తెరిపించడమే కష్టం.

ఇక ఆ బిల్లు అమ్మజూపిన రెండో సరుకు, క్లినిక్ భద్రత. సెనేట్‌లో డెమోక్రాట్ వెండీ డేవిస్ జూన్ 25న గంటల తరబడి నిలబడి మాట్లాడి బిల్లును సమావేశం గడువు దాటించారు. మళ్లీ ప్రత్యేక సమావేశం పెట్టి అదే సరుకును హెచ్‌బీ 2 పేరుతో జులైలో నెగ్గించుకున్నారు. అబార్షన్ చేసే డాక్టరుకు 30 మైళ్లలోపు ఆస్పత్రిలో పేషెంట్లను చేర్చే హక్కు ఉండాలి. క్లినిక్ భవనం శస్త్రచికిత్స కేంద్రం ప్రమాణాలు అందుకోవాలి: గదుల కొలతలు, మనుషుల రాకపోకలకు నిర్ణీత దారి, గాలి పీడనం, వడపోత, తేమ అదుపు, గోడలకూ పైకప్పుకూ ప్రత్యేక పూత. మింగే మాత్రలతో చేసే అబార్షన్‌కి కూడా ఇదే నియమం. ఆ మాత్రల తర్వాత ఏదైనా ఇబ్బంది వస్తే అది సాధారణంగా మనిషి ఇంటికి వెళ్లాకే వస్తుంది. క్లినిక్ గది గాలి పీడనం అక్కడికి రాదు.

ఆస్పత్రి హక్కు నియమానిది ఇంకో తిరకాసు. చాలా ఆస్పత్రులు ఏటా ఇంతమంది పేషెంట్లను చేర్పించాలన్న షరతు మీదే ఆ హక్కు ఇస్తాయి. అబార్షన్ పేషెంట్లలో ఆస్పత్రిలో చేరాల్సి వచ్చేవాళ్లు అతి తక్కువ. పని భద్రంగా చేసే డాక్టరుకే హక్కు దొరకదన్నమాట. రాష్ట్రంలో 40 దాకా ఉన్న క్లినిక్‌లు సగానికి పడిపోయాయి. భవన నియమం కూడా అమలైతే ఏడో ఎనిమిదో మిగిలేవి. మార్పులకు ఒక్కో క్లినిక్‌కి 10 లక్షల నుంచి 30 లక్షల డాలర్లు కావాలి.

సుప్రీంకోర్టు 2016 జూన్ 27న 5–3తో రెండు నియమాలనూ కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ బ్రేయర్ చూపిన పోలికలు కిట్ మాటకంటే బరువైనవి. పెద్దపేగులోకి గొట్టం పంపి చేసే కొలనోస్కోపీలో మరణాల రేటు అబార్షన్‌కు పది రెట్లు, కాన్పులో పద్నాలుగు రెట్లు. కొలనోస్కోపీకి శస్త్రచికిత్స కేంద్రం తప్పనిసరి కాదు. కాన్పయితే టెక్సస్‌లో మంత్రసాని ఇంట్లోనే చేయొచ్చు.

2022 జూన్ 24న అదే కోర్టు డాబ్స్ తీర్పుతో గర్భస్రావ హక్కునే రద్దు చేసింది. టెక్సస్ నిషేధం అమల్లోకి వచ్చింది, దాంట్లోనూ అత్యాచార బాధితులకు మినహాయింపు లేదు. కిట్ మాత్రం ఎమర్జెన్సీ గదుల అల్మారాల్లో అలాగే ఉంది, మందు బిళ్ల ఒక్కటీ లేకుండా.