దావా వచ్చాక సెటిల్‌మెంటా, పోరాటమా, లేక ముందే తనిఖీయా?

కాలిఫోర్నియాలో కిరాణా దుకాణమో, రెస్టారెంటో, చిన్న మోటలో నడుపుతున్న మనవాళ్లు ట్యాక్సు పనుల మీద నన్ను కలిసినప్పుడల్లా ఈ మధ్య ఒకే ప్రశ్న వేస్తున్నారు. వికలాంగుల సౌకర్యాల చట్టం కింద దావా పడితే లాయరుతో మాట్లాడించి సెటిల్ చేసుకోవడం మేలా, కోర్టులో తేల్చుకోవడం మేలా, లేక దావా రాకముందే సర్టిఫైడ్ యాక్సెస్ స్పెషలిస్టును, అంటే అందరూ ‘క్యాస్ప్’ అనే నిపుణుణ్ణి పిలిపించి తనిఖీ చేయించుకోవడం మేలా? నేను లాయరును కాను కనుక కేసు మంచిచెడ్డలు చెప్పలేను. అయితే లెక్కలు చూసేవాడిగా నాకొక గట్టి అభిప్రాయం ఉంది.

వికలాంగుల సౌకర్యాలకు సంబంధించిన 1990 నాటి ఫెడరల్ చట్టం (ఏడీఏ) కింద వాది అడగగలిగేది లోపం సరిచేయించమన్న ఆదేశం, లాయరు ఫీజు, అంతవరకే. కాలిఫోర్నియాలోని అన్రూ పౌరహక్కుల చట్టం మాత్రం అడ్డంకి ఎదురైన ఒక్కో సందర్భానికి కనీసం 4,000 డాలర్ల పరిహారం ఇప్పిస్తుంది. యజమాని కావాలని చేశాడని రుజువు చేయనవసరం లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2009లోనే తేల్చింది. ఒకే వాది, ఒకే లాయరు వరుసగా వందల దుకాణాలపై దావాలు వేయడానికి మూలం ఇక్కడే ఉంది. ఏడాదిలో 10 లేక అంతకు మించి ఇలాంటి దావాలు వేసినవారిపై రాష్ట్రం 2015లో 1,000 డాలర్ల అదనపు ఫీజు విధిస్తే, దావాలు ఫెడరల్ కోర్టులకు తరలిపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ జిల్లా అటార్నీలు 2022లో ఇలాంటి దావాలు వేసే ఒక లా ఫర్మ్ మీదే కేసు పెట్టినా అది నిలవలేదు. కాబట్టి ఎవరో వచ్చి ఈ దావాలను ఆపుతారని ఎదురుచూడడం వృథా.

సెటిల్‌మెంట్‌లో ఉన్న సుఖం తెలిసిందే. ఖర్చు ఎంతో ముందే తేలుతుంది, కోర్టు చుట్టూ తిరిగే పని తప్పుతుంది, మన లాయరు గంటల లెక్కతో వేసే బిల్లు పెరగకముందే వ్యవహారం ముగుస్తుంది. కానీ ఆ ఒప్పందం ఆ ఒక్క వాదికే వర్తిస్తుంది. లోపం అలాగే ఉంటే వచ్చే నెల మరొకరు అదే ఫొటోతో అదే దావా వేయవచ్చు. సరిచేయాలన్న షరతు కాగితంలో ఉన్నా, చెక్కు ఇచ్చేశాక ఆ పని వెనకబడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

వాది అసలు దుకాణానికి రానేలేదని చూపగలిగితే పోరాటానికి అర్థం ఉంది. మోటల్ యజమానులు ఆచెసన్ హోటల్స్ కేసును గుర్తుచేస్తుంటారు. బస చేసే ఉద్దేశం లేకుండా వెబ్‌సైట్లు పరీక్షించేవారు దావా వేయవచ్చా అన్న ప్రశ్నను అమెరికా సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చకుండానే ఆ కేసు ముగించింది, కాబట్టి దాన్ని నమ్ముకోవడానికి లేదు. ఫెడరల్ కోర్టులో ప్రతివాదికి బాగా పనికొచ్చే వాదన ఒకటుంది: లోపం సరిచేసేశాం, ఇక ఆదేశించడానికి ఏమీ మిగలలేదు అనడం. అంటే పోరాడి గెలవాలన్నా ముందుగా సరిచేయక తప్పదన్నమాట.

నా దృష్టిలో నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది. ఏ దారి పట్టినా చివరికి లోపం సరిచేయడానికి పార్కింగ్ లాట్‌కే రావాలి. వికలాంగుల స్థలం పక్కన గీసే చారల ఖాళీ కనీసం 60 అంగుళాల వెడల్పు ఉండాలనడం అలంకారం కోసం కాదు, వ్యాను ర్యాంపు దిగేది, చక్రాల కుర్చీ తిరిగేది అక్కడే. ఆ స్థలంలో వాలు 48 అంగుళాలకు ఒక అంగుళం మించకూడదు, మించితే కుర్చీ దానంతటది జారిపోవచ్చు. లోపలికి వెళితే, 36 అంగుళాలు ఉండాల్సిన నడవాలో సోనామసూరి బస్తాలు రెండు వరుసలుగా పేర్చి ఉంటాయి, చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోతుంది. దావా వేసినవారి ఉద్దేశం ఏదైనా ఆ బస్తాలు నిజం. హైదరాబాదు నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు వాకర్‌తో మన దుకాణానికే వస్తారు. వాళ్లూ అక్కడే ఆగుతారు.

అందుకే నేను ముందస్తు తనిఖీ వైపే మొగ్గుతాను. రాష్ట్రం 2016లో చేసిన చట్టం ప్రకారం 50 మందికి మించని ఉద్యోగులున్న వ్యాపారం దావా రాకముందే క్యాస్ప్ తనిఖీ చేయించుకుని, అందులో తేలిన లోపాలను 120 రోజుల్లోగా సరిచేస్తే, వాటికి ఆ కనీస పరిహారం చెల్లించాల్సిన బాధ్యత ఉండదు. తనిఖీ లేకపోయినా, 25 మందికి మించని ఉద్యోగులు, 35 లక్షల డాలర్ల లోపు వార్షిక వసూళ్లు ఉన్నవారు దావా అందిన 30 రోజుల్లో సరిచేస్తే 4,000 కాస్తా 2,000 అవుతుంది. ఇక ట్యాక్సు సంగతి. వసూళ్లు 10 లక్షల డాలర్లు మించని వ్యాపారానికి, లేదా ఉద్యోగులు 30 మందికి మించని వ్యాపారానికి, సౌకర్యాల ఖర్చులో 250 నుంచి 10,250 డాలర్ల వరకు ఉన్న భాగంలో సగం, అంటే 5,000 డాలర్ల దాకా, ఫెడరల్ ట్యాక్సు రిటర్నుతో వేసే 8826 ఫారం ద్వారా క్రెడిట్ వస్తుంది. సెటిల్‌మెంట్ చెక్కుకు ఈ క్రెడిట్ రాదు.

తనిఖీకీ ఒక చిక్కుంది. నివేదిక చేతికి వచ్చాక సరిచేయకుండా కూర్చుంటే చేజేతులా ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. పార్కింగ్ లాట్ బిల్డింగు ఓనరుది కదా అని వదిలేయడానికీ లేదు, ఫెడరల్ చట్టం ముందు ఇద్దరూ బాధ్యులే. అందువల్ల లీజు రెన్యూ చేసేటప్పుడే ఖర్చు ఎవరిదో రాయించుకోవాలి.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకునేవారు ముందు పాలసీ చదవాలి. వెబ్‌సైటును వికలాంగులకు అనుకూలంగా మారుస్తామని చెప్పే రెడీమేడ్ విడ్జెట్ తగిలించడం రక్షణ కాదు, అవి ఉన్న సైట్ల మీదా దావాలు పడ్డాయి.

దావా ఇప్పటికే చేతికి అంది ఉంటే, సమాధానానికి ఫెడరల్ కోర్టులో 21 రోజులు, రాష్ట్ర కోర్టులో 30 రోజులు గడువు ఉంటుంది. రాష్ట్ర కోర్టు కాగితాలతో పాటు హక్కులు తెలిపే ఒక నోటీసూ వస్తుంది. అర్హత ఉంటే కేసును 90 రోజులు ఆపి, ముందస్తు చర్చ ఏర్పాటు చేయమని అడిగే దరఖాస్తు సంగతి అందులోనే ఉంటుంది. లాయరు దాన్ని చూసుకుంటుండగానే క్యాస్ప్‌ను పిలిచి, బస్తాలు ఆ రోజే తీయించి, ఫొటోలు తీసి తేదీతో దాచుకోండి.