మిర్యాలగూడలో తులాభారం చూశాం, సత్యభామ కోసమైనా మీరూ చూడాలి

శనివారం రాత్రి మిర్యాలగూడలో శ్రీకృష్ణ తులాభారం చూసొచ్చాం, అమ్మ, నేను. ముత్తరాజు సుబ్బారావు గారి పాత పద్యనాటకమే, కానీ ఆడింది పేరున్న కంపెనీ కాదు, ఊళ్లో వాళ్లే. కృష్ణుడు రైస్ మిల్లులో గుమాస్తా, సత్యభామ వేసినావిడ టైలరింగ్ షాపు నడుపుతుంది, నారదుడు రిటైరైన పోస్ట్‌మాస్టర్. పొద్దంతా పనులు చేసుకుని రాత్రిపూట ఒకరింటి డాబా మీద రిహార్సల్స్ వేసుకున్నారట, నాలుగు నెలలు. టికెట్ వంద రూపాయలు. నాకైతే వందకు వందా ముట్టింది, కొన్ని కంప్లయింట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

సాగర్ ఎడమ కాల్వ కింద ఊళ్లకు పద్యనాటకం కొత్తేం కాదు. మా అమ్మది దామరచర్ల దిక్కు, చిన్నప్పుడు యక్షగానాలు తెల్లారేదాకా కూర్చుని చూసిన మనిషి. అందుకే తులాభారం అంటే నాకన్నా ముందు ఆమె తయారైంది. కథ అందరికీ తెలిసిందే: కృష్ణుడు ఎప్పటికీ తనకే దక్కాలని సత్యభామ నారదుడి మాట నమ్మి వ్రతం చేస్తుంది, అందులో మొగుణ్ణే దానం ఇస్తుంది, తిరిగి దక్కించుకోవాలంటే ఆయన ఎత్తు బంగారం తూచాలి, ఉన్న నగలన్నీ పోసినా త్రాసు కదలదు, చివరికి రుక్మిణి వేసిన తులసిదళానికి తూగుతాడు.

నేనిప్పటికి ఈ నాటకం మూడు నాలుగు సార్లు చూసి ఉంటాను. ప్రతిసారీ సత్యభామను పొగరుబోతుగానే చూపించారు. మూతి తిప్పుడు, జడ విసురుడు, చివర్లో బుద్ధి వచ్చినట్టు తల దించుకోవడం, జనం చప్పట్లు. అలా ఆడితే అది ప్రేమకథ కాదు, ఒకావిడకు గుణపాఠం చెప్పిన కథ. ఈ బృందం ఆ పని చేయలేదు. వీళ్ల సత్య మొగుణ్ణి పిచ్చిగా ప్రేమించిన ఆడది, ఆ ప్రేమ పట్టలేక తప్పు చేసిన ఆడది. నాటకమంతా అదే నమ్మకంతో నడిపించారు, నాకు నచ్చింది ముఖ్యంగా అదే.

మీరజాలగలడా పాట గురించి చెప్పాలి. స్థానం నరసింహారావు గారు తానే రాసుకుని, ఆడవేషంలో పాడి ఊరూరా మోగించిన పాట అది, తర్వాత 1966 సినిమాలో సుశీలమ్మ గొంతులో మనందరి ఇళ్లలోకీ వచ్చింది. తెర మీద జమున గారిని చూసిన కళ్లతో ఎవర్ని చూసినా తక్కువే అనిపిస్తుందని నాకు లోపల భయం. ఈవిడ ఎవరినీ అనుకరించలేదు. గొంతు మరీ గొప్పదేం కాదు, పై స్థాయిలో కొంచెం పలచబడింది కూడా. కానీ ఆ మాటలను సవాలు లాగా కాకుండా సంబరంగా పాడింది, పండక్కి పుట్టింటికి పోతూ మొగుణ్ణి కూడా వెంట తీసుకుపోతున్న పిల్ల ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆ ముఖం. వన్స్‌మోర్ అన్నారు, మళ్లీ పాడింది, రెండోసారి ఇంకా బాగా పాడింది.

నాకు ఇప్పటికీ కళ్లలో నిలిచింది దానం ఘట్టం. నారదుడు చెయ్యి చాచి నిలబడ్డాడు, ఆమె చేతిలో నీళ్ల చెంబు. చెంబు వంచింది, నీళ్లు అంచు దాకా వచ్చాయి, అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఒక్క చుక్క రాలలేదు. హార్మోనియం ఆయన పాట ఆపేసి ఒకే ఒక్క స్వరం పట్టుకున్నాడు, తబలా లేదు, ఏమీ లేదు. ఆమె కృష్ణుడి వైపు చూసింది, ఆయన నవ్వుతూనే ఉన్నాడు, ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకుని చెంబు పూర్తిగా వంచింది. అప్పుడు హార్మోనియం మీద మీరజాలగలడా వరస మెల్లగా, మాటలు లేకుండా వినిపించింది. ఇంతకుముందు సంబరంగా విన్న వరసే. ఇది ఎవరి ఆలోచనో గానీ వాళ్లకు దండం పెట్టాలి. అమ్మ నా చెయ్యి పట్టుకుని "గా పిల్ల ఏడుస్తలేదు బిడ్డా, ఏడుపు గొంతులనే ఆపుకుంటుంది" అంది.

నగలు తీసే సీను కూడా తొందరపడలేదు. వడ్డాణం, వంకీలు, కాసులపేరు ఒక్కొక్కటే తీసి వేస్తుంటే ప్రతిదానికీ ఆశగా త్రాసు వైపు చూస్తుంది. త్రాసు మాత్రం నిజమైన పాత కాటా, ఏదో మిల్లులో మూలకు పడి ఉన్నదాన్ని తెచ్చి రంగు వేశారట, ఇనుప గొలుసులు నగలు పడ్డప్పుడల్లా గలగల మన్నాయి. అట్టతో చేసిన త్రాసుకు ఆ చప్పుడు రాదు కదా. చివరికి ఆమె చెయ్యి మెడ దగ్గరికి పోయి పుస్తెల మీద ఆగి, వెనక్కి వచ్చింది. హాల్లో ఆడవాళ్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు.

పద్యాల సంగతి. మన దగ్గర చాలామంది పద్యం మొదటి పాదం గబగబా చదివేసి చివర్లో ఐదు నిమిషాలు రాగం తీస్తారు, చప్పట్లు దానికే పడతాయి, పద్యంలో ఏం చెప్పారో ఎవరికీ పట్టదు. ఈ కృష్ణుడు మాట మాట విడమరిచి పాడాడు. రాగం తక్కువ తీశాడని వెనక వరుసలో ఒకాయన గొణిగాడు కానీ నా పక్కన కూర్చున్న ఇంటర్ పిల్లలకు అర్థమై నవ్వాల్సిన చోట నవ్వారు, అది నేను చూశాను. నారదుడు మాత్రం రెండు చోట్ల పద్యం మర్చిపోయాడు, ప్రాంప్టర్ గొంతు మైకులో మాకే వినిపించింది. ఆ వయసులో అన్ని పద్యాలు నోటికి పట్టడమే పెద్ద విషయం, పైగా నారదుడు బజారులో కృష్ణుణ్ణి అమ్మకానికి పెట్టిన సీనులో ఆయనే హాలంతా నవ్వించాడు.

ఇక బాగాలేనివి. ఏడింటికి అన్నారు, తెర లేచేసరికి ఎనిమిదింపావు. మైకులు దారుణం, కీబోర్డు సౌండు ఎక్కువై రుక్మిణి గొంతు సగం వినపడలేదు. రుక్మిణి పాత్రకు అసలే పద్యాలు తక్కువ, తులసిదళం వేసేముందు ఆమె పాడేది కూడా వినకపోతే ఎట్లా? తెర వెనక తాడు లాగే పిల్లవాడు కూడా ఆలస్యం చేశాడు, తులసి వేసిన రెండు క్షణాల తర్వాత గానీ త్రాసు లేవలేదు. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది చదివింపులు. సీను మధ్యలో స్టేజీ ఎక్కి నోటు ఇచ్చి మైకులో పేరు చెప్పించుకోవడం ఏంటండీ, ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని నిలబడి ఉంటే ఎవరిదో ఐదొందల ప్రకటన! కళాకారులకు డబ్బు ఇవ్వడం మంచిదే, ఇవ్వాలి కూడా, కానీ ఇంటర్వెల్‌లో ఇవ్వొచ్చు. నిర్వాహకులు ఈ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలు.

నాటకం మూడున్నర గంటలు, అయ్యేసరికి పన్నెండు. అప్పుడు పల్లెలకు బస్సులు దొరకవు, సొంత బండి ఉంటేనే రండి లేదా ఊళ్లో తెలిసినవాళ్లింట్లో ఉండేట్టు చూసుకోండి. కుర్చీలు ప్లాస్టిక్‌వి, పెద్దవాళ్లకు ఒక దిండు తెచ్చుకుంటే నయం. ముందు వరుసల్లో ఎడమవైపు కూర్చుంటే హార్మోనియం నేరుగా వినిపిస్తుంది, మైకు బాధ తగ్గుతుంది. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి, వసంతకుడి హాస్యానికి మా వరుసలో పిల్లలు కుర్చీల్లోంచి లేచి మరీ నవ్వారు.

ఐదుకు నాలుగు ఇస్తాను, తగ్గిన ఒకటి మైకులకూ చదివింపులకూ. వచ్చే నెల హుజూర్‌నగర్ దగ్గర ఒక ఊళ్లో మళ్లీ ఆడతారట. అమ్మ అప్పుడే చిన్నమ్మకు ఫోన్ చేసి, ముందు వరుసలో మూడు కుర్చీలు పట్టమని నాకు చెప్పింది.