ఫెస్టివల్ ఆఫ్ సోషల్ సైన్స్: టాపిక్ కాదు, చోటు చూసి వెళ్లండి

బ్రిటన్‌లో ఏటా శరదృతువులో, అక్టోబర్ చివర నుంచి నవంబర్ దాకా ‘ఫెస్టివల్ ఆఫ్ సోషల్ సైన్స్’ జరుగుతుంది. చదువు, పేదరికం, వలస, ముసలితనం, ఇళ్ల అద్దెలు లాంటి వాటి మీద యూనివర్సిటీల్లో రీసెర్చ్ చేసేవాళ్లు లైబ్రరీలకు, కమ్యూనిటీ సెంటర్లకు, మ్యూజియాలకు వచ్చి తాము తెలుసుకున్నది మామూలు జనానికి చెబుతారు. నడిపించేది ఈఎస్ఆర్‌సీ, అంటే ఈ రంగంలో రీసెర్చ్‌కి ప్రభుత్వ డబ్బు పంచే సంస్థ. 2003 నుంచి నడుస్తోంది. టికెట్ ఫ్రీ, కానీ చాలావాటికి ముందే బుక్ చేసుకోవాలి. ఇంగ్లండ్ ఉత్తరాన మేముండే ఊళ్లో ఒకటికి రెండు యూనివర్సిటీలు ఉండటంతో ప్రోగ్రాములకు కొదవ లేదు. చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. కొత్తగా వచ్చిన మనవాళ్లు ‘వెళ్లొచ్చా, టైమ్ వేస్టా’ అని అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

నా జవాబు ఒక్కటే. టాపిక్ చూసి కాదు, ఎక్కడ పెట్టారో చూసి బుక్ చేసుకోండి. క్యాంపస్ లెక్చర్ హాల్లో అయితే ముందు వరుసల నిండా ఆ డిపార్ట్‌మెంట్ స్టూడెంట్లే ఉంటారు. స్లైడ్ల మీద చీమ తలకాయంత అక్షరాలు. ప్రశ్నలకు మిగిలేది పది నిమిషాలు, అందులో తొమ్మిది ఇంకో ప్రొఫెసర్‌గారు ‘ప్రశ్న కాదు, చిన్న కామెంట్’ అంటూ తినేస్తారు. అదే మనిషి, అదే రీసెర్చ్, బయట బస్తీలోకి వచ్చేసరికి మాట తీరే మారిపోతుంది.

ఒక ఏడాది ఖర్చుల భారం మీద ఒక సెషన్ చర్చి వెనక హాల్లో పెట్టారు. మూలన టీ మరుగుతోంది, ప్లేట్లలో బిస్కెట్లు, ఒక్కో బల్ల మీద గళ్లు గీసిన పెద్ద కాగితం. అద్దె, గ్యాస్, కరెంటు, బస్సు, తిండి, స్కూల్ యూనిఫాం. చేతికి కొన్ని ప్లాస్టిక్ బిళ్లలిచ్చి, ఇదే మీ నెల జీతం, సర్దండి అన్నారు. తిండి గడి దాకా రాకముందే మా బల్ల మీద బిళ్లలు అయిపోయాయి. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ యూనిఫాం గడిలోంచి ఒక బిళ్ల తీసి గ్యాస్‌లో పెట్టింది. కాసేపాగి, ప్రీపెయిడ్ మీటర్ గడి ఏదీ అని అడిగింది. ఏమీ వాడకపోయినా రోజువారీ చార్జీ పడుతూనే ఉంటుంది, రెండు వారాలు ఊళ్లో లేకపోయినా వచ్చేసరికి బాకీ తేలుతుంది, అని చెప్పింది. రీసెర్చ్ చేసే అమ్మాయి పెన్ను తీసి ఆ కాగితం మీదే కొత్త గడి గీసింది. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చింది ఈ సెషనే.

వీసా మీద ఉన్న కుటుంబం సంగతేమిటని నేనూ అక్కడే అడిగాను. వీసా మీద ఉన్నవాళ్లకు ‘పబ్లిక్ ఫండ్స్’, అంటే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటి ప్రభుత్వ సాయాలు, రావన్న రూలు అందరికీ తెలుసు. కానీ ఆ రూలు భయంతో మనవాళ్లు వాటితో సంబంధం లేని వాటికి కూడా దూరంగా ఉంటారు. ఎన్‌హెచ్ఎస్ అనే సర్కారు వైద్యం, సర్కారు బడి, ఉద్యోగం చేసే ఆడవాళ్లకు వచ్చే స్టాట్యుటరీ మెటర్నిటీ పే ఆ ‘పబ్లిక్ ఫండ్స్’ కిందికి రావని నాకు స్పష్టంగా తెలిసింది ఆ బల్ల దగ్గరే.

ఇంకోసారి లైబ్రరీలో, పుట్టినప్పటి నుంచి మనుషుల్ని వెంబడించే సర్వేల గురించి చెప్పారు. 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన సుమారు 17,000 మందిని లెక్కలోకి తీసుకుని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. 1970లో ఇంకో బ్యాచ్, 2000 ప్రాంతంలో పుట్టినవాళ్లు మరో 19,000 మంది. 1958 పిల్లలకు పదకొండేళ్లు వచ్చినప్పుడు, ‘మీకు 25 ఏళ్లు వచ్చాయనుకోండి, మీ బతుకు ఎలా ఉంటుంది’ అని వ్యాసం రాయించారట. ఆ వ్యాసాల గురించి వింటుంటే టైమ్ తెలియలేదు. మాది పాలమూరు వైపు. మా జిల్లా డోకూరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వాళ్లు 1975 నుంచి రైతు కుటుంబాల లెక్కలు రాసుకున్నారు, కాబట్టి ఈ ఇంటింటి సర్వేల ఓపిక నాకు కొత్త కాదు. ఆ లెక్కల్ని జనం ముందు పరిచి, మీరేమంటారని అడగడం కొత్త.

ఇక నచ్చనివి. ఇక్కడి సర్వేల్లో మనం ‘ఇండియన్’ అనే ఒక్క గడిలో ఇరుక్కుంటాం. 1972లో ఉగాండా నుంచి తరిమేస్తే లెస్టర్ చేరిన గుజరాతీ కుటుంబం, నిన్న మొన్న ఎంఎస్‌కి వచ్చి షేరింగ్ రూమ్‌లో ఉంటున్న గుంటూరు కుర్రాడు ఒకే సగటులో కలిసిపోతారు. ఆ సగటు చూపించి ‘ఇండియన్లు బాగా రాణిస్తున్నారు’ అంటే ఆ కుర్రాడికి ఒరిగేదేముంది? ఒకటి రెండుసార్లు అడిగాను. మర్యాదగా తలూపారు.

అంతకంటే చిరాకు పెట్టేది, వీళ్లు తిరిగి రాకపోవడం. ప్రతి సెషన్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారం ఉంటుంది, స్టిక్కీ నోట్లు ఉంటాయి. మనం రాస్తాం, వాళ్లు ఫోటో తీసుకుంటారు, అంతే. యూనివర్సిటీల రీసెర్చ్‌కి గ్రేడులిచ్చే ఆర్‌ఈఎఫ్ లెక్కల్లో ‘మీ రీసెర్చ్ వల్ల బయట ఏం మారింది’ అన్నదానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. బయటి జనం మీద ఇంత ప్రేమ పుట్టడానికి అదీ ఒక కారణమేమోనని నా అనుమానం. అలాంటప్పుడు మేం చెప్పిన దాంట్లో ఏది పనికొచ్చిందో మరుసటి ఏడాదైనా వచ్చి చెప్పాలి కదా. మీటర్ గడి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు చిన్న చిట్కాలు. ‘సోల్డ్ అవుట్’ అని కనిపిస్తే ఆగిపోకండి. ఫ్రీ టికెట్ కదా, వానపడితే సగం మంది రారు, గుమ్మం దగ్గర అడిగితే నేను వెళ్లిన చోటల్లా లోపలికి రానిచ్చారు. పిల్లలున్నవాళ్లు అక్టోబర్ హాఫ్ టర్మ్ స్కూలు సెలవుల్లో మ్యూజియంలో పెట్టేవి చూడండి, అవి ఆటల్లా ఉంటాయి. ప్యానెల్ డిస్కషన్లు వదిలేసినా నష్టం లేదు.

మన తెలుగు అసోసియేషన్ వాళ్లకు ఒక మాట. ఈ ఫెస్టివల్ సరిగ్గా దీపావళి, కార్తీక వనభోజనాల రోజుల్లోనే పడుతుంది, అందుకే మనవాళ్లు ఎవరూ కనిపించరు. మనం అక్కడికి పోనవసరం లేదు, వాళ్లనే మన హాలుకు పిలవొచ్చు. స్థానిక సంఘాలతో కలిసి చేయడం వాళ్లకూ కావాలి. కాకపోతే వేసవి లోపే మెయిల్ పెట్టండి, అక్టోబర్‌లో అడిగితే ప్రోగ్రాం ఎప్పుడో ఖరారైపోయి ఉంటుంది. మొదటి ప్రశ్నగా ఆ ‘ఇండియన్’ గడి సంగతే అడుగుదాం.