సోంగ్ కోల్‌లో రెండు రాత్రులు ఉండాలి

మా అక్క కొడుకు బిష్కెక్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం చదువుతున్నాడు. మెడిసిన్ కోసం కిర్గిజ్‌స్తాన్ వెళ్లిన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ దేశం పేరు మా తెనాలిలో కొత్తేమీ కాదు. కానీ పిల్లల్ని దింపి రావడానికి తప్ప, చూడటానికని వెళ్లినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. వాడూ ఇన్నేళ్లలో హాస్టల్, కాలేజీ, మెస్, ఓష్ బజార్ దాటి పోలేదు. "అక్కడేముంది పిన్నీ, అన్నీ కొండలే" అన్నాడు ఫోన్లో. ఆ కొండల కోసమే పోయిన జులైలో పన్నెండు రోజులు వెళ్లొచ్చాను. ప్యాకేజీ టూర్ తీసుకోలేదు, వాణ్ణి తోడు తీసుకున్నాను. నాకు యాభై రెండేళ్లు, మాంసం, చేపలు తినను. ఇవి ముందే చెబితే మిగతాది అంచనా వేసుకోవడం తేలిక.

ఢిల్లీ నుంచి అల్మాటీలో దిగి రోడ్డు మీద వెళ్లాను. కజకిస్తాన్‌లో మనకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. అల్మాటీ నుంచి బిష్కెక్ సుమారు 240 కిలోమీటర్లు. కోర్దాయ్ సరిహద్దు దగ్గర బండి దిగి, సామాను లాక్కుంటూ చూ నది మీద వంతెన నడిచి దాటాలి. కిర్గిజ్ ఈ-వీసా ఇంటి నుంచే తీసుకోవచ్చు. అయితే అది అన్ని సరిహద్దు కేంద్రాల్లోనూ చెల్లదు, మీరు దాటబోయేది జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. అవతల దిగగానే ఒక టాక్సీ అతను మా దగ్గర మూడింతలు తీసుకున్నాడు. పక్కనే మర్ష్రుత్కా, అంటే వాళ్ల మినీ బస్సు, ఖాళీ సీట్లతో నిలబడి ఉంది. నేను చూసుకోలేదు. ఒక సుఖం ఏమిటంటే అక్కడి డబ్బు సోమ్ విలువ దాదాపు మన రూపాయంతే, కాబట్టి దేనికీ లెక్క కట్టుకునే పని లేదు.

బిష్కెక్‌కి రెండు రోజులు చాలు. వెడల్పు రోడ్లు, పెద్ద చెట్లు, అలా-తూ చౌక్. నలభై కిలోమీటర్ల దూరంలో అలా అర్చా లోయ ఉంది, దానికే ఒక రోజు పెట్టండి. 2024 మేలో ఆ ఊళ్లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద గుంపులు దాడి చేసినప్పుడు పడ్డ టెన్షన్ మా అక్క ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే సిటీలో చీకటి పడ్డాక తిరగలేదు, ఎక్కడికెళ్లినా యాప్‌లో టాక్సీ పిలుచుకున్నాం. పల్లెల్లో మాత్రం ఆ భయం ఒక్క నిమిషం కూడా కలగలేదు.

అసలు యాత్ర కోచ్‌కోర్‌లో మొదలైంది. బిష్కెక్ నుంచి షేర్ టాక్సీలో మూడున్నర గంటలు. చిన్న ఊరు. ఇక్కడ ఊరివాళ్లే కలిసి నడుపుకునే పర్యాటక సంఘాలు ఉన్నాయి, సీబీటీ అంటారు. 2000 ప్రాంతంలో స్విట్జర్లాండ్ సాయంతో మొదలయ్యాయి. ఆఫీసులో గోడ మీద ధరలు రాసి ఉంటాయి: ఇంట్లో గదికి ఇంత, గుర్రానికి ఇంత, కారుకి ఇంత. బేరం లేదు, మోసపోతామేమోనన్న దిగులూ లేదు. బిష్కెక్‌లో ఒక ఏజెన్సీ సోంగ్ కోల్ సరస్సుకి ఒక రాత్రి టూర్ అని చెప్పిన ధరలో, మేం సీబీటీ ద్వారా అక్కడ రెండు రాత్రులు ఉండి, గుర్రం ఎక్కి, కారులో వెళ్లి వచ్చాం.

సోంగ్ కోల్ 3,016 మీటర్ల ఎత్తులో ఉన్న సరస్సు. చుట్టూ చెట్టనేది కనపడదు, కొండల అంచుదాకా గడ్డే. ఇలాంటి వేసవి మేత భూముల్ని జైలూ అంటారు. జూన్‌లో గొర్రెల్ని, గుర్రాల్ని తోలుకొచ్చి కాపరి కుటుంబాలు గుడారాలు వేసుకుంటాయి, సెప్టెంబరులో దిగిపోతాయి. ఆ నాలుగు నెలల్లోనే వెళ్లాలి. గుడారాన్ని వాళ్లు బోజ్ ఉయ్ అంటారు. చెక్క చట్రం మీద ఉన్ని కంబళ్లు కప్పుతారు, పైన గుండ్రటి కిటికీ ఉంటుంది. దాని పేరు తుందుక్, వాళ్ల జెండా మధ్యలో ఉన్న బొమ్మ అదే.

మొదటి రాత్రి నాకు తలనొప్పి. ఎత్తు వల్ల వస్తుంది, నీళ్లు తాగి నెమ్మదిగా తిరగమన్నాడు మావాడు, డాక్టరు అప్పుడే అయిపోయినట్టు. జులైలో కూడా స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నా వణుకు ఆగలేదు. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ వచ్చి పొయ్యి రాజేసింది. ఆ పొయ్యిలోకి పేడ పిడకలే! ఆ వాసనకి మా అమ్మమ్మ పెరడు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిణ్ణి అపా అని పిలవమన్నారు, వాళ్ల మాటలో అమ్మ అని.

ఒక రాత్రి టూర్లో వచ్చినవాళ్లు తెల్లారగానే ఆ తలనొప్పితోనే కారెక్కి వెళ్లిపోయారు. మాకు రెండో రోజు మిగిలింది. పొద్దున్నే అపా గుర్రాల పాలు పిండుతుంటే చూశాం. గుర్రప్పిల్లని వదిలి, రెండు గుక్కలు తాగనిచ్చి, పాలు చేపాక పక్కకి లాగి కట్టేస్తారు, అచ్చం మన ఇళ్లల్లో దూడని వదిలినట్టే. రోజంతా రెండు మూడు గంటలకోసారి అదే పని. ఆ పాలు పులియబెట్టి చేసేదే కిమిజ్. పుల్లగా, కొంచెం పొగవాసనతో ఉంటుంది, కొద్దిగా మత్తు కూడా. నేను సగం గిన్నె తాగాను, మావాడు రెండు తాగాడు. మధ్యాహ్నం వాడు గుర్రం మీద కొండెక్కితే నేను సరస్సు ఒడ్డున మూడు గంటలు కూర్చున్నాను. మబ్బు నీడ నీళ్ల మీదుగా పాకుతూ రావడం తప్ప అక్కడ ఏమీ జరగలేదు. నా జీవితంలో అంత ప్రశాంతమైన మధ్యాహ్నం ఇంకొకటి గుర్తులేదు.

తిండి సంగతి వివరంగా చెప్పాలి. "ఎత్ జెబెయిమ్", మాంసం తినను, ఈ ఒక్క మాట నేర్చుకోండి. అయినా సూప్‌లోంచి ముక్కలు తీసేసి రసం పోసి ఇస్తారు, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు. కాబట్టి బంగాళాదుంపలు విడిగా వేయించమని ముందే అడగాలి. పొద్దుటి పూట ఏ ఇబ్బందీ లేదు: రొట్టె, జామ్, నూనెలో వేయించిన బోర్సోక్‌లు, కైమాక్ అనే చిక్కటి మీగడ. నేను పట్టుకెళ్లిన కందిపొడి ఆ రొట్టెకి బాగా కుదిరింది. రొట్టెని తిరగేసి పెట్టకూడదు, వాళ్లకి అది అపచారం. టీ సగం గిన్నే పోస్తే మర్యాద తక్కువ చేశారనుకోకండి. మళ్లీ మళ్లీ పోయడానికే అలా పోస్తారు. తలకి రాత్రికి 2,000 సోమ్‌లు, రెండు పూటలా భోజనంతో. మరుగుదొడ్డి గుడారానికి దూరంగా గొయ్యి, స్నానం లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

తర్వాత ఇసిక్ కోల్ దక్షిణపు ఒడ్డు మీదుగా కరకోల్ వెళ్లాం. సుమారు 180 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సు చలికాలంలో కూడా గడ్డకట్టదు, పేరుకి అర్థమే వేడి సరస్సు. ఉత్తరపు ఒడ్డు రిసార్టులతో కిక్కిరిసి ఉంటుంది, వస్తూ చూశాం, ఆగాలనిపించలేదు. దక్షిణాన బొకొన్‌బాయెవోలో డేగలతో వేటాడించే ప్రదర్శన ఉందన్నారు. బతికున్న కుందేలుని వదులుతారని తెలిసి నేను వద్దన్నాను.

కరకోల్‌లో ఆన్‌లైన్లో బుక్ చేసిన గెస్ట్‌హౌస్ నిరాశపరిచింది. వేడినీళ్లు రాలేదు, పొద్దుటి టిఫిన్‌కి విడిగా డబ్బు అడిగారు. రెండో రోజు సీబీటీ చూపించిన ఇంటికి మారాం. ఆప్రికాట్ చెట్టు కింద మంచం, కడుపునిండా టిఫిన్, ధర అంతకన్నా తక్కువే. ఊళ్లో 1910లో చైనా పద్ధతిలో కట్టిన దుంగాన్ మసీదు ఉంది. చెక్కతో, ఇనుప మేకు లేకుండా. దుంగాన్‌లు చైనా నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలు, వాళ్ల వంట అష్లాన్ ఫూ. చల్లటి సేమ్యాల్లో వెనిగర్, వెల్లుల్లి, ఎండుమిరప కారం! బంగాళాదుంప బజ్జీలాంటి పిరోష్కీతో తింటారు. పది రోజుల తర్వాత నాలుకకి కారం తగిలింది. గుడ్డు ఉంటుంది, వద్దంటే తీసేసి ఇస్తారు.

ఆగస్టులో మావాడు తన రూమ్మేట్లు నలుగుర్ని వెంటబెట్టుకుని మళ్లీ అదే గుడారానికి వెళ్లాడు, రెండు రాత్రులకి. అపా వాణ్ణి గుర్తుపట్టి, "మీ అమ్మ చెల్లెలు రాలేదా" అని అడిగిందట. పెరుగు ఎండబెట్టి చేసే కురుత్ ఉండలు ఒక సంచి నిండా నాకోసం కట్టిచ్చింది. సెలవులకి వచ్చినప్పుడు తెచ్చాడు. ఉప్పగా, పుల్లగా ఉన్నాయి. డబ్బాలో ఇంకా నాలుగైదు మిగిలాయి.