జిప్సీకి ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్: ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నడిపాక

మారుతి జిప్సీలో ఇంజిన్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకోవచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నాది ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే రకం) జిప్సీ కింగ్, 1298 సీసీ పెట్రోల్ బండి. ఫ్యాన్ మార్చాక ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కింది, మారేడుమిల్లి వైపు వాగులు దాటింది, విజయవాడ మే నెల ట్రాఫిక్‌లో కూడా నిలబడింది. నేనైతే మళ్ళీ పాత ఫ్యాన్‌కి వెళ్ళను. కానీ ఈ పనిలో డబ్బు, శ్రద్ధ పెట్టాల్సింది ష్రౌడ్ (గాలి రేడియేటర్ మొత్తం గుండా వచ్చేలా ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) మీద, వైరింగ్ మీద. ఫ్యాన్ ఏ బ్రాండన్నది ఆ తర్వాతి మాట.

అసలు ఎందుకు మార్చాలి? జిప్సీలో ఫ్యాన్ వాటర్ పంప్ పుల్లీకి బిగించి ఉంటుంది, మధ్యలో విస్కస్ క్లచ్. ఆ క్లచ్‌లో సిలికాన్ ఆయిల్ ఉంటుంది, ముందువైపు చుట్టలా చిన్న బైమెటల్ స్ప్రింగు ఉంటుంది. రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడెక్కితే ఆ స్ప్రింగు కదిలి లోపల వాల్వ్ తెరుస్తుంది, ఆయిల్ లోపలికి పాకి ఫ్యాన్‌ని పుల్లీతో పాటు లాగుతుంది. మంచి ఏర్పాటే, వైరు లేదు, ఫ్యూజు లేదు. చిక్కల్లా ఎక్కడంటే ఫ్యాన్ వేగం ఇంజిన్ వేగాన్ని బట్టే ఉంటుంది. ఎనభైలో హైవే మీద పోతున్నప్పుడు ఎదురుగాలే సరిపోతుంది, అప్పుడేమో పుల్లీ గిర్రున తిరుగుతుంది. రాళ్ళ మీద ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలూ లాగే లో గేర్‌లో) మనిషి నడక వేగంతో పాకుతున్నప్పుడు, ముందు బండి ఇరుక్కుపోయి వెనక మనం ఐడిలింగ్‌లో ఆగినప్పుడు, అంటే నిజంగా గాలి కావాల్సిన సమయానికి, అది మెల్లగా తిరుగుతుంది. దీనికి తోడు పాత క్లచ్‌లలో ఆయిల్ కారిపోతుంది. మీ బండిది చూడాలంటే ఇంజిన్ ఆపి, చల్లారాక ఫ్యాన్‌ని చేత్తో ఒక్క తోపు తోయండి. కాస్త బిగువుగా కదిలి ఆగాలి. రెండు మూడు చుట్లు ఊరికే తిరిగిందంటే, క్లచ్ చుట్టూ జిడ్డు దుమ్ము పేరుకుని ఉందంటే, దాని పని అయిపోయినట్టే. నా బండిలో అదే జరిగింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బండి వేడెక్కుతోంది కాబట్టి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే తగ్గుతుంది అనుకుని మాత్రం పెట్టొద్దు. ముందు రేడియేటర్ షాపుకి తీసుకెళ్ళి లోపల పూడుకుపోయిందేమో చూపించండి, ఫిన్‌ల (రేడియేటర్ పల్చటి రేకుల) మధ్య బురద కడిగించండి, థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాకే దాన్ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకుంటోందో లేదో చూడండి, ప్రెషర్ క్యాప్ మార్చండి. క్యాప్ చాలా చవక వస్తువు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 0.9 బార్ క్యాప్ సరిగ్గా పట్టుకుంటే కూలెంట్ మరిగే ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల దాకా పైకి జరుగుతుంది. దాని రబ్బరు ఎండిపోతే ఆ ఇరవై డిగ్రీలూ పోయినట్టే. హైవే మీద, బాగా గాలి తగులుతున్నా వేడెక్కే బండికి జబ్బు ఫ్యాన్‌లో ఉండదు, రేడియేటర్‌లోనో వాటర్ పంప్‌లోనో ఉంటుంది. నిలబడితేనే వేడెక్కి, కదిలితే తగ్గుతుంటే అప్పుడు ఫ్యాన్ గురించి ఆలోచించండి.

నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక యూనివర్సల్ కిట్ తెప్పించాను. దాని మీద నాకు కోపం ఇంకా పోలేదు. పెట్టె మీద గాలి లెక్కలు ఘనంగా ఉన్నాయి, లోపల మోటార్ చూస్తే అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. ష్రౌడ్ లేదు. ఇచ్చిన వైరు చూస్తే ఇంట్లో డోర్‌బెల్‌కి వేసేంత సన్నం. బిగించడానికి ఇచ్చినవి ప్లాస్టిక్ టై పుల్లలు, వాటిని రేడియేటర్ ఫిన్‌ల మధ్య నుంచి దూర్చి అవతల బిళ్ళతో లాక్ చేయాలట. రోడ్డు మీద తిరిగే చిన్న కారుకి ఏమోగానీ ఆఫ్‌రోడ్ బండికి ఇది అస్సలు పనికిరాదు. ఫ్యాన్ బరువంతా ఆ పల్చటి ఫిన్‌ల మీద వేలాడుతుంది, గతుకుల్లో ఊగీ ఊగీ ట్యూబులను రాపిడితో తినేస్తుంది, చివరికి నీళ్ళు కారేది అడవి మధ్యలో. నాకు అంతదాకా రాలేదు, దానికంటే ముందే కనెక్టర్ కరిగి ముద్దయింది. డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి అమ్మినవాళ్ళ చుట్టూ చాలా తిరగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆటోనగర్‌లో వెతికి పాత ఎస్టీమ్ కారు ఫ్యాన్ తీసుకున్నాను, ష్రౌడ్‌తో సహా. కంపెనీ వాళ్ళు కారు కోసం చేసిన ఫ్యాన్‌కీ, ఆ కిట్ ఫ్యాన్‌కీ పోలికే లేదు. స్క్రాప్‌లో తీసుకునేటప్పుడు బ్యాటరీకి పెట్టి తిప్పి చూడండి, శబ్దం గరగరా వస్తే వద్దు, ఇరుసుని పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఆట ఉండకూడదు, రెక్కల్లో ఏ ఒక్కటి విరిగినా తీసుకోవద్దు. ఇంకో మాట, రేడియేటర్ వెనక నుంచి గాలి లాగే ఫ్యానే పెట్టండి. ముందు పెట్టి నెట్టే రకం హైవేలో వచ్చే ఎదురుగాలికి అడ్డం పడుతుంది, పైగా బురద మొత్తం మోటార్ మొహానే కొడుతుంది. కొంతమంది వైర్లు తిరగేసి లాగే ఫ్యాన్‌ని నెట్టే ఫ్యాన్‌గా మార్చేస్తారు. తిరగడం తిరుగుతుంది, కానీ రెక్కల వంపు ఒకవైపుకే చేసి ఉంటుంది కాబట్టి గాలి బాగా తగ్గిపోతుంది.

ఎస్టీమ్ ష్రౌడ్ జిప్సీ రేడియేటర్ మీద నేరుగా కూర్చోదు. పాత ఫ్యాన్, క్లచ్ విప్పేశాక (నాలుగు నట్లే, కానీ పాత ష్రౌడ్ ముందు తీస్తే చెయ్యి బాగా పడుతుంది) పుల్లీని అదే నట్లతో మళ్ళీ బిగించాలి, క్లచ్ మందం పోయింది కాబట్టి వాషర్లు వేసుకోవాలి. అప్పుడు పుల్లీకి, రేడియేటర్‌కి మధ్య ఎంత చోటు మిగిలిందో కొలిచి, మోటార్ వీపు పుల్లీకి తగలకుండా చూసుకోవాలి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ముఖ్యంగా దిగుడులో బ్రేక్ కొట్టినప్పుడు, కాబట్టి సందు బొత్తిగా పిసరంత ఉంటే లాభం లేదు. మేము అల్యూమినియం షీట్‌తో రేడియేటర్ కోర్ మొత్తం కప్పేలా ఒక చట్రం చేయించి, దాన్ని రేడియేటర్ పక్క ఫ్రేమ్‌కి రబ్బరు బుష్‌లతో బిగించాం, ఫ్యాన్‌ని ఆ చట్రానికి.

ష్రౌడ్ ఎందుకంటున్నానో మీరే చూసుకోవచ్చు. ఫ్యాన్ తిరుగుతుండగా ఒక ఏ4 కాగితం తీసుకుని రేడియేటర్ ముందువైపు ఆనించండి. ఆ కిట్ ఫ్యాన్‌తో నడిమధ్యన పెడితే కాగితం అతుక్కునేది, మూలకు జరిపితే జారి కింద పడేది. అంటే రెక్కలు తిరిగే గుండ్రం లోపలే గాలి, నాలుగు మూలలూ ఊరికే ఉన్నట్టు. చట్రం పెట్టాక ఏ మూల పెట్టినా కాగితం ఫిన్‌లకు అంటుకుని అలాగే ఆగింది, అంచులు మాత్రం కొద్దిగా రెపరెపలాడాయి. కోర్‌కీ ఫ్యాన్ రెక్కలకీ మధ్య ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉంటేనే ఇలా వస్తుంది, మరీ దగ్గరగా పెట్టేస్తే మూలల గాలి నడవదు.

ఇక వైరింగ్. ఈ పని చేసిన ఎలక్ట్రీషియన్ పెద్దాయన మొదటి రోజే ఒక మాట అన్నాడు: "ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని చూడకండి బాబూ, ఎంత ఓల్టేజీ మీద తిరుగుతోందో చూడండి." ఆయన మీటర్ పెట్టి చూపించాడు. తాత్కాలికంగా వేసిన సన్నటి వైరుతో బ్యాటరీ దగ్గర పద్నాలుగు ఓల్టులు ఉంటే ఫ్యాన్ ప్లగ్ దగ్గర పన్నెండు చిల్లర. అందులో సగం నష్టం ఎర్త్ వైపే, పెయింటు మీద బోల్టు బిగించడం వల్ల. పెయింటు గీకి, బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఒక వైరు లాగి, పాజిటివ్‌కి కూడా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాక తేడా అర ఓల్టు లోపలికి వచ్చింది. ఫ్యాన్ చప్పుడే మారిపోయింది. అదే ఫ్యాన్, అదే మోటార్.

మిగతా కనెక్షన్ మామూలే. బ్యాటరీకి దగ్గరలో 30 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) 30వ నంబర్ టెర్మినల్‌కి, 87 నుంచి ఫ్యాన్‌కి. 86కి ఇగ్నిషన్ కరెంటు, 85 నుంచి థర్మో స్విచ్ (కూలెంట్ వేడిని బట్టి ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) ద్వారా ఎర్త్. ఫ్యాన్ కరెంటుని డాష్‌బోర్డు స్విచ్ గుండా ఎట్టి పరిస్థితుల్లోనూ పోనివ్వకండి. తిరగడం మొదలెట్టే క్షణంలో మోటార్ మామూలు కన్నా రెండు మూడు రెట్లు లాగుతుంది, మామూలు స్విచ్ దానికి తట్టుకోదు.

థర్మో స్విచ్ విషయంలో ఫిన్‌ల మధ్య పుల్లలా దూర్చే రకం నాకు నచ్చలేదు, అది ఎక్కడ తగిలితే అక్కడి వేడే చూస్తుంది. రేడియేటర్ పై హోస్‌ని (రబ్బరు గొట్టాన్ని) కోసి మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి, అందులో మరలతో బిగించే కారు స్విచ్ వేశాం. ఇక్కడ చాలామంది ఇబ్బంది పడే చోటు ఒకటుంది. ఒకే టెర్మినల్ ఉన్న స్విచ్ బాడీ ద్వారా ఎర్త్ తీసుకుంటుంది, అడాప్టర్‌కి రెండు వైపులా రబ్బరు హోసే కాబట్టి ఎర్త్ రాదు, ఫ్యాన్ అసలు మొదలవదు. రెండు టెర్మినల్స్ ఉన్న స్విచ్ కొనండి, లేదా అడాప్టర్‌కి విడిగా ఎర్త్ వైరు వేయండి. ఫ్యాన్ మొదలయ్యే ఉష్ణోగ్రత థర్మోస్టాట్ కంటే పైన ఉండాలి. నాది 82 డిగ్రీల థర్మోస్టాట్, ఫ్యాన్ 92 దగ్గర మొదలై 87కి ఆగుతుంది. 80కే మొదలయ్యే స్విచ్ వేస్తే మాత్రం ఇంజిన్ వేడెక్కాక ఫ్యాన్ ఆగకుండా ఊరికే తిరుగుతూ ఉంటుంది.

స్విచ్‌కి తోడు డాష్ మీద మూడు స్థానాల టాగుల్ పెట్టించాను: ఆటో, ఆఫ్, ఎప్పుడూ ఆన్. దాని పక్కన చిన్న లైటు, రిలే 87 నుంచి తీసుకున్నది, అంటే రిలే ఫ్యాన్ వైపు కరెంటు పంపితేనే వెలుగుతుంది. ఆఫ్ స్థానం వాగుల కోసం. తిరిగే ఫ్యాన్ లోతు నీళ్ళలో పడితే రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌నే కోసేస్తాయి, పాత ఫ్యాన్‌కీ ఆ ప్రమాదం ఉంది, కానీ దాన్ని ఆపే మార్గం లేదు. పైగా అది నీళ్ళు చిమ్మి ఇగ్నిషన్ తడిపేసేది, వాగు మధ్యలో ఇంజిన్ దగ్గడం మొదలయ్యేది. ఇప్పుడు ఒడ్డున ఆగి, ఆఫ్ చేసి, దిగుతాం. అవతలి ఒడ్డుకి చేరగానే ఆటోకి మార్చడం మర్చిపోకూడదు. నా వరకు ఈ పని మొత్తంలో ఎక్కువ విలువైనది ఈ ఆఫ్ స్విచ్చే.

పనితనం సంగతికొస్తే, ఐడిలింగ్‌లో ఏసీ లేని నా బండి ఉష్ణోగ్రత ముల్లు ఇప్పుడు సగం దాటదు. ఫ్యాన్ మొదలయ్యాక కాసేపటికే ఆగిపోతుంది, అంటే గాలి సరిపోయి మిగులుతోందన్న మాట. హైవేలో అసలు తిరగదు. ఇంజిన్ హోరు తగ్గింది, ముఖ్యంగా గేర్ లాగేటప్పుడు. పొద్దున త్వరగా వేడెక్కుతుంది, లంబసింగి చలిలో ఇది బాగా తెలిసింది. వాటర్ పంప్ బేరింగ్ మీద ఫ్యాన్, క్లచ్ బరువు కూడా పోయింది. మైలేజీ మాత్రం ఆశించకండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్‌ని తిప్పేదీ ఆ ఇంజినే. హైవేలో ఎంతో కొంత కలిసొస్తుందేమో గానీ పెట్రోల్ బంకు దగ్గర నాకు తేడా కనపడలేదు.

ఆల్టర్నేటర్ దగ్గరే ఇంకో విషయం ఉంది. రాత్రిపూట ఐడిలింగ్‌లో హెడ్‌లైట్లు రెండూ కలిపి పది ఆంపియర్ల దాకా, ఫ్యాన్ పది పైన, ఫ్యూయల్ పంప్, ఇగ్నిషన్ వేరే, వీటి మీద బంపర్ లైట్లు కూడా వేస్తే పాత ఆల్టర్నేటర్ ఆ వేగంలో అంత ఇవ్వలేదు, బ్యాటరీ నుంచి లాగడం మొదలవుతుంది. ఒక ఓల్ట్‌మీటర్ పెట్టుకోండి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు పదమూడున్నర పైన ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు, పన్నెండున్నరకి దిగితే బంపర్ లైట్లు ఆపండి. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటార్) వాడేవాళ్ళు మాత్రం పెద్ద ఆల్టర్నేటర్ గురించి ముందే ఆలోచించుకోవాలి.

పాత డీజిల్ మహీంద్రా జీపులు నడిపేవాళ్ళు, ముఖ్యంగా ట్రాలీ లాగేవాళ్ళు, బరువుతో గంటల తరబడి ఘాట్ ఎక్కేవాళ్ళు దీని జోలికి రావొద్దని నా సలహా. అక్కడ ఇంజిన్ ఫ్యాన్ లాగినంత గాలి చిన్న కారు ఫ్యాన్ లాగలేదు, అలాంటి బండికి ఆ ఇంజిన్ ఫ్యాన్‌నే బాగు చేయించుకోవడం మేలు. వాగుల్లో తిరిగే, మెల్లగా పాకే తేలిక పెట్రోల్ బండికే ఇది బాగా నప్పుతుంది.

ఖర్చు చూస్తే పాత ఫ్యాన్, చట్రం, రిలే, స్విచ్, వైర్లు, కూలీ అన్నీ కలిపి కొత్త విస్కస్ క్లచ్ ధరకి కొంచెం అటూ ఇటూగా తేలింది. పని అయ్యాక కూలెంట్ మళ్ళీ నింపేటప్పుడు క్యాప్ తెరిచి ఇంజిన్ నడిపి గాలి బుడగలు మొత్తం పోనివ్వండి, హీటర్ ఉంటే అది కూడా తెరవండి, లేకపోతే మొదటి రోజే ముల్లు పైకి పోయి టెన్షన్ పెడుతుంది. డాష్ పెట్టెలో ఒక అదనపు రిలే, రెండు ఫ్యూజులు, రెండు చివర్లా క్లిప్పులు, మధ్యలో ఫ్యూజు ఉన్న ఒక మందపాటి వైరు పెట్టుకోండి. రిలేనో థర్మో స్విచ్చో చచ్చినా ఆ వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యాన్ తిప్పుకుంటూ ఇంటికి రావచ్చు. విప్పిన పాత ఫ్యాన్‌నీ క్లచ్‌నీ, క్లచ్ బాగున్నా లేకున్నా, స్క్రాప్‌కి వేసేయకుండా ఇంట్లో దాచండి, బండి అమ్మేటప్పుడు కొనేవాళ్ళు అడుగుతారు.